పోయినవాళ్ల వరసలో నీనో

పోయినవాళ్ల పేర్లు చదువుతూ ఫాదర్ స్ట్రాతిస్ ఒక్కచోట తడబడ్డాడు.

అప్పటిదాకా ఆయన గొంతు కుట్టుమిషన్‌లా నడుస్తోంది. మరియా, యోర్గో, మళ్లీ మరియా, అన్నా, మళ్లీ యోర్గో. ఆత్మల శనివారం నాడు ప్రతి ఇంటి నుంచీ చర్చికి ఒక పళ్లెం ఉడికించిన గోధుమలు, ఒక కాగితం వస్తాయి. కాగితం మీది పేర్లన్నీ చదివితేనే ఆ ఇంటి చచ్చినవాళ్లకు శాంతి. యాభై కాగితాలు చదవాలి. ఎవరూ వినరు. తమ ఇంటి పేర్లు వచ్చినప్పుడు మాత్రం తల వంచి సిలువ గుర్తు వేసుకుంటారు.

"అనస్తాసియో, స్తమాతియో, ఫొతినీ..." ఆయన కాగితాన్ని కళ్లకు దగ్గరగా తెచ్చుకున్నాడు. "నీ... నీనో."

మళ్లీ మిషన్ నడిచింది.

వెనక వరసలో నిలబడ్డ నేను గడియారం చూశాను. 8:52.

ఈ దీవి పేరు లిథారి. అందంగా ఉంటుంది. అంతకంటే చెప్పను, పోస్టుకార్డులు అమ్మే కొట్లు రేవులో ఆరున్నాయి. మనుషులు ఆరువందలు. నీనో అనే పేరున్నవాళ్లు వాళ్లలో లేరు, ఎప్పుడూ లేరు. ఇక్కడ తాత పేరు మనవడికి, నాయనమ్మ పేరు మనవరాలికి పెడతారు. కొత్త పేరు ఈ దీవిలోకి రావాలంటే ఓడెక్కి రావాలి. అలా వచ్చింది ఒక్కతే. నీనో గెలాష్విలీ, ముప్పైనాలుగేళ్లు, జార్జియా మనిషి. ఫ్రోసో గెస్ట్‌హౌస్‌లో పదకొండు గదులు తుడిచేది. పోయిన ఆదివారం నుంచి కనబడడం లేదు.

నా పేరు ఆర్గిరో కప్సాలి. జిల్లా పోలీసు కేంద్రంలో డిటెక్టివ్‌ని. పక్క పెద్ద దీవి నుంచి వచ్చి ఇక్కడ నాలుగు రోజులుగా అబద్ధాలు రాసుకుంటున్నాను. నీనో చెల్లెలు ఎకా ఏథెన్స్‌లో ముసలివాళ్లకు సేవ చేసే పనిలో ఉంది. రోజూ ఫోన్ చేస్తుంది. నిన్న ఏడవలేదు. ఒకటే అడిగింది.

"మేడమ్, రేపు ఆత్మల శనివారం. మా చర్చిలో రెండు పళ్లాలుంటాయి. బతికున్నవాళ్ల కొవ్వొత్తులు ఒకదాంట్లో, పోయినవాళ్లవి ఒకదాంట్లో. అక్కది ఎందులో పెట్టను?"

రేపు చెబుతానని ఫోన్ పెట్టేశాను. డిటెక్టివ్‌కి అంతకంటే సిగ్గుచేటు లేదు.

పైవాళ్ల లెక్కలో కేసు ముగిసింది. ఆదివారం ఉదయం 6:50 ఓడకి నీనో పేరు మీద టికెట్ ఉంది. 6:04కి హోటల్ ఈమెయిల్ నుంచి కొన్నారు. ఓడెక్కే చోట 6:48కి ఆ టికెట్ స్కాన్ అయింది. పనిమనిషి పని మానేసి పోయింది, రోజూ పోతుంటారు, ఇందులో ఏముంది? ఇవాళ 12:40 ఓడకి నన్ను వెనక్కి రమ్మన్నారు. సోమవారం ఫైలు మూసేస్తారు. నేను చర్చికి వచ్చింది కూడా కేసు కోసం కాదు. మా అమ్మ పేరు చదివించడానికి వచ్చాను. అమ్మ ముప్పై ఏళ్లు హోటల్ గదులు తుడిచి చచ్చిపోయింది.

పూజ అయ్యాక ఫాదర్ స్ట్రాతిస్‌ని బలిపీఠం పక్క గుమ్మంలో పట్టుకున్నాను.

"ఆ కాగితం ఇవ్వండి, ఫాదర్."

"ఏ కాగితం తల్లీ?"

"మీరు తడబడ్డది."

"చచ్చినవాళ్ల పేర్లతో పోలీసులకేం పని?"

"బతికున్నవాళ్లతో నాలుగు రోజులు మాట్లాడాను. ఒక్కడూ నిజం చెప్పలేదు. అందుకని వీళ్లని అడుగుదామని."

ఆయన గడ్డం గోక్కున్నాడు. తర్వాత జేబులోంచి కాగితాల కట్ట తీసి, వెతికి, ఒకటి నా చేతిలో పెట్టి, నేనివ్వలేదన్నట్టు పక్కకు తిరిగి కొవ్వొత్తులు ఆర్పడం మొదలుపెట్టాడు.

పైన ఎర్ర సిలువ అచ్చేసిన మామూలు కాగితం. రెండు వరసలు. ఎడమ పక్క బతికున్నవాళ్లు: ప్రొకోపియో, దెస్పినా. కుడి పక్క పోయినవాళ్లు: అనస్తాసియో, స్తమాతియో, ఫొతినీ, నీనో. వణికే చేత్తో రాసిన పెద్దపెద్ద అక్షరాలు. ప్రొకోపియో అంటే ప్రొకోపిస్, గెస్ట్‌హౌస్ యజమాని. దెస్పినా అతని భార్య. రాసింది అతని తల్లి ఫ్రోసో, పెద్దావిడ కాబట్టి ఊరంతా కిరా ఫ్రోసో అంటారు. హోటల్ బోర్డు మీద ఉన్న పేరూ ఆవిడదే.

ఆలోచించండి. ఊరంతా 'ఓడెక్కిపోయింది' అంటున్న మనిషిని ఒక ముసలమ్మ పోయినవాళ్ల వరసలో రాసింది. పొరపాటున రాయలేదు. వీళ్లు పోలీసుకి అబద్ధం చెబుతారు, పన్నులవాళ్లకి చెబుతారు, మొగుడికి చెబుతారు. ఈ కాగితం మీద మాత్రం చెప్పరు. బతికున్న మనిషిని ఆ వరసలో రాస్తే మనిషి చస్తుందని భయం. చచ్చిన మనిషిని రాయకపోతే ఆత్మ చీకట్లో తిరుగుతుందని అంతకంటే పెద్ద భయం.

*

10:10. గెస్ట్‌హౌస్ వాకిట్లో అతిథులు ఇంకా టిఫిన్లు చేస్తున్నారు. గోడ మీద నీలం అక్షరాలతో 'మా కుటుంబం మీ కుటుంబం' అని రాసి ఉంది. దాని కిందే సగం కొరికిన గుడ్లు, నాకి వదిలేసిన తేనె, పెరుగులో ఆర్పిన సిగరెట్. ఒక మనిషి పెరుగులో సిగరెట్ ఎందుకు ఆర్పుతాడు? ఎత్తేది తను కాదు కాబట్టి.

ప్రొకోపిస్ నవ్వుతూ ఎదురొచ్చాడు. యాభై దాటిన వయసు, ఇస్త్రీ చొక్కా. ముఖం మీది ఆ నవ్వు మాత్రం రోజూ ఉతకని తువ్వాలు.

"మేడమ్! ఇవాళ ఓడకి వెళ్లిపోతున్నారటగా. కాఫీ తాగి వెళ్లండి. తీపి మామూలుగా వెయ్యమంటారా?"

"వద్దు. ఆదివారం మళ్లీ చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పాలి? ఆరున్నర అప్పుడు వ్యాన్‌లో రేవు దగ్గర దింపాను. వెళ్లిపోతానంది, సరే అన్నాను. మా ఇంటి పిల్లే, కానీ ఎన్నాళ్లని కట్టేసి ఉంచుతాం?"

"ఇంటి పిల్లా?"

"అవును. ఇక్కడ పనివాళ్లంటూ ఎవరూ లేరు మేడమ్. అందరం ఒక్క కుటుంబం."

"ఆమె పుట్టినరోజు ఎప్పుడు?"

"ఆ?"

"ఇంటి పిల్ల పుట్టినరోజు."

నవ్వు కొంచెం జారింది. "అవన్నీ దెస్పినాకి తెలుసు."

దెస్పినా వంటగది కిటికీలోంచి చూస్తోంది. నేను తలెత్తగానే కిటికీ మూసింది.

"సరే, ఇంటి పిల్ల పడుకున్న గది ఇంకోసారి చూపించు."

"మంగళవారం చూశారుగా!"

"మంగళవారం నువ్వు చూపించింది చూశాను. ఇవాళ నేను చూడాల్సింది చూస్తాను."

పైకప్పు మీది గది అది. తెల్ల గోడలు, కిటికీ, మంచం, చిన్న స్నానాలగది. మంగళవారం ఈ గది చూసి, ఫరవాలేదు, మనిషిలా చూసుకున్నారే అనుకున్నాను. నాలుగు రోజుల కిందటి నా తెలివిని తలుచుకుంటే నాకే కంపరం పుడుతోంది.

స్నానాలగదిలో మోకాళ్ల మీద కూర్చున్నాను. జడపిన్ను తీసి నేలలోని జాలీ ఎత్తాను. లోపల వేళ్లు పెట్టాను.

"ఛీ ఛీ, మేడమ్! ఏం చేస్తున్నారు?"

"మా అమ్మ రోజూ చేసిన పని."

నల్లటి సబ్బు జిగురు వచ్చింది. అందులో పొట్టి వెంట్రుకలు, ఎర్రవి, తెల్లవి. ఒక బ్యాండేజీ ముక్క. పైకి లాగేకొద్దీ వాసన. చొక్కాకి తుడుచుకోకుండా అరచేతిలో పెట్టి అతని ముక్కు కింద చూపించాను. అతను వెనక్కి తగ్గాడు.

"నీనో ఫొటో నా దగ్గరుంది, ప్రొకోపిస్. నడుము దాకా నల్ల జుట్టు. ఐదు వారాలు ఈ గదిలో స్నానం చేసిందన్నావు. ఒక్క నల్ల వెంట్రుక ఏదీ?"

"శుభ్రంగా ఉండే పిల్ల..."

"శుభ్రంగా ఉండే పిల్ల తన జుట్టు ఏరుకుని, మీ అతిథుల జుట్టు వదిలేసిందా? ఈ గది అద్దెకిచ్చే గదే. ఆమె ఎక్కడ పడుకునేది?"

అతని కళ్లు ఒక్క క్షణం కిందికి, మెట్ల వైపు పోయాయి. ఆ క్షణం చాలు.

కింద, చాకలి గది వెనక, దుప్పట్ల బీరువా పక్కన ఒక ఇనప తలుపుంది. మంగళవారం దాని ముందు మురికి బట్టల బుట్టలు మూడు పెట్టి ఉన్నాయి. ఇవాళ రెండే. కాలితో తోసి తలుపు తీశాను.

ముందు వాసన కొట్టింది. బ్లీచింగ్, దాని కింద తడి గోడ, దాని కింద సెప్టిక్ ట్యాంకు. గోడకి అవతలే ట్యాంకు ఉంది. పైన ఎవరో నీళ్లు వదిలితే గొట్టంలో గడగడ వినిపించింది. కిటికీ లేదు. పది మెట్లు పైన వాళ్లు తేనె నాకుతున్నారు, ఇక్కడ గోడ చెమట కారుస్తోంది. పైన రాసిన ఆ నీలం అక్షరాలు గుర్తొచ్చాయి.

మూలన గ్యాస్ గీజర్. పదకొండు గదులకి వేడినీళ్లిచ్చేది. తుప్పు పట్టి, పాతికేళ్ల నాటిది. దాని పొగ బయటికి పోయే గొట్టం మాత్రం కొత్తది. అద్దంలా మెరుస్తోంది. గొట్టం గోడలోంచి పోయేచోట కొత్తగా గాలి కన్నం కొట్టి, చుట్టూ తెల్ల సిమెంట్ పూశారు. గోరుతో గీశాను. పొడి రాలింది, వారం కూడా కాని పని.

నేల మీద నాలుగు చుక్కలు ఉన్నాయి. చుట్టూ బూజు పట్టి, మంచం కోళ్లున్న నాలుగు చోట్ల మాత్రం నేల తెల్లగా మిగిలింది. తలగడ ఉండాల్సిన ఎత్తులో గోడ మీద ఇంకో తెల్ల గుర్తుంది. చెయ్యెడు సిలువ. మామూలు సిలువ కాదు, రెండు చేతులూ కిందికి వాలిన సిలువ. ద్రాక్ష కొమ్మలు కట్టి జార్జియావాళ్లు చేసుకునేది. ఎకా పంపిన ఫొటోలో అక్కచెల్లెళ్లిద్దరి మెడలోనూ అదే ఉంది. బూజంతా పట్టాక దాన్ని తీసేశారు. ఆకారం గోడకి మిగిలిపోయింది.

"ఇక్కడ పడుకుంది," అన్నాను. "గీజర్ పక్కన. పాత గొట్టం పగిలింది. పొగ బయటికి పోలేదు. అంతేనా?"

"గొట్టం పాతదైంది, మార్చాను. గొట్టం మార్చడం నేరమా?"

"ఎప్పుడు మార్చావు?"

"సోమవారం."

"ఆదివారం మనిషి పోయింది, సోమవారం గొట్టం మార్చావు. శనివారం మార్చి ఉంటే?"

ప్రొకోపిస్ ముఖం మీద నవ్వు పూర్తిగా పోయింది. అది పోయాక అక్కడ ఇంకేమీ లేదు, ఖాళీ.

"శనివారం హోటల్ నిండుగా ఉంది," అన్నాడు. "వేడినీళ్లు ఆపలేం."

*

11:05కి రేవు పోలీసు అధికారి మవ్రోయిదిస్ దిగాడు. ఎవరు పిలిచారో చెప్పక్కర్లేదు. ప్రొకోపిస్ పెళ్లికి చర్చిలో సాక్షిగా నిలబడ్డవాడు ఇతనే. ఇక్కడ అలాంటి వాణ్ని కుంబారో అంటారు. సొంత తమ్ముడికైనా లేదంటారేమో గానీ కుంబారోకి లేదనరు. తెల్ల యూనిఫారం, నల్ల కళ్లద్దాలు. వాకిట్లో అతిథుల మధ్య కుర్చీ లాక్కుని, అడక్కుండానే వచ్చిన కాఫీ చప్పరించాడు.

"ఏమ్మా ఆర్గిరో, మురికి కాలవల్లో చేతులు పెడుతున్నావట! జిల్లాలో పని తక్కువైందా?"

"చేతులు కడుక్కుంటాను. నువ్వెలా కడుక్కుంటావో చూడాలి."

"అబ్బో." నవ్వాడు. "చూడు, నీ కోపం నాకు తెలుసు. మీ అమ్మ పని చేసిన హోటళ్లన్నిటి మీదా నీకు పగ. అది నీ సొంత గొడవ. నా రేవుని అందులోకి లాగకు. నీనో ఓడెక్కింది. టికెట్ ఉంది, స్కాన్ ఉంది."

"స్కాన్ అయింది కాగితం. మనిషి ముఖం ఎవరు చూశారు?"

"నేను చూశాను."

"నువ్వా?"

"నేనే. ప్రతి ఓడకీ తలుపు దగ్గర నిలబడతాను, అది నా డ్యూటీ. నా కళ్లతో చూశాను. నీలం సంచీ మోసుకుంటూ ఎక్కింది. 6:48. చాలా?"

"చాలదు. రాసివ్వు."

"ఏంటి?"

"అంత గట్టిగా చూసినవాడివి రాసివ్వడానికి భయమెందుకు? ఫైలు మూసేయాలంటే నాకో కాగితం కావాలి. నువ్విస్తే 12:40 ఓడెక్కి పోతాను. నా మొహం మళ్లీ చూడక్కర్లేదు."

ప్రొకోపిస్ గుమ్మంలోంచి చెయ్యి ఊపాడు. వద్దనో, త్వరగా కానిమ్మనో తెలియలేదు. మవ్రోయిదిస్ అటు చూడలేదు. గర్వం ఉన్నవాడితో వచ్చే లాభం అదే. నా నోట్‌బుక్ లాక్కుని టేబుల్ మీద రాశాడు: 'ఆదివారం ఉదయం 6:48కి నీనో గెలాష్విలీ తన కాళ్ల మీద నడిచి ఓడెక్కడం నేను స్వయంగా చూశాను.' కింద సంతకం, హోదా, తేదీ.

"తన కాళ్ల మీద," అని నొక్కి చదివి, పెన్ను నా ముందుకు విసిరాడు. "పో ఇంక. నీలాంటివాళ్ల వల్లే ఈ దీవులకి చెడ్డపేరు. పదిమంది కడుపు నింపే ఇంటి మీద పడి ఏడుస్తారు. ఆ పిల్ల ఎవరు? కాగితాలు లేవు, ఇన్సూరెన్స్ లేదు. ఇవాళ ఇక్కడ, రేపు ఇంకెక్కడో. దానికోసం ఇంత గోలా?"

"దానికి ఒక చెల్లెలుంది."

"అందరికీ ఉంటారు."

నేను నోట్‌బుక్ మూశాను. ఒకటి చెప్పాలి: అతన్ని చూస్తే నాకు కోపం రాలేదు. కోపం మనిషి మీద వస్తుంది. కప్పులో అడుగున మిగిలిన కాఫీ మడ్డిని చూస్తే ఏమొస్తుందో అదే వచ్చింది.

"కిరా ఫ్రోసో ఎక్కడ?" అని దెస్పినా కిటికీ మీద కొట్టి అడిగాను.

కిటికీ తెరుచుకోలేదు. లోపల్నుంచి ఆమె గొంతు మాత్రం వచ్చింది, మెల్లగా, మొగుడికి వినపడకుండా.

"శ్మశానంలో. పొద్దుటి నుంచీ అక్కడే. ఆదివారం నుంచీ రోజూ అక్కడే."

*

11:50. శ్మశానం నిండా ఆడవాళ్లు. పాలరాయి సమాధుల మధ్య గోధుమల పళ్లేలు, దీపాలు. ఫాదర్ స్ట్రాతిస్ ఒక్కో సమాధి దగ్గరా మంత్రం చదువుతూ వస్తున్నాడు. ఎవరో ఒకావిడ నా చేతిలో గుప్పెడు గోధుమలు పోసింది, పంచదార, దానిమ్మ గింజలు కలిపినవి. ఇక్కడ వద్దనకూడదు. నోట్లో వేసుకుని నడిచాను.

ప్రొకోపిస్ కుటుంబ సమాధి పై అంచున, గోడ వార ఉంది. అరుగులా కట్టిన గుంట, పైన ఎత్తి తీయగల పాలరాతి పలక. దాని మీద ఒక్క పేరే చెక్కి ఉంది: అనస్తాసియో, కిరా ఫ్రోసో భర్త. చచ్చి పదకొండేళ్లు. తల దగ్గర గాజు గూటిలో నూనె దీపం వెలుగుతోంది.

కాళ్ల దగ్గర ఇంకో దీపం వెలుగుతోంది. గూడు లేదు. టిఫిన్ల దగ్గర జామ్ పోసే గాజు గిన్నెలో నూనె, వత్తి.

ఒక మనిషికి ఒక దీపం. చచ్చేదాకా నియమం తప్పని ఈ ముసలివాళ్లు రెండు పెట్టరు.

కిరా ఫ్రోసో పక్కనే చిన్న స్టూలు మీద కూర్చుని ఉంది. నల్ల బట్టలు, నల్ల రుమాలు, ఒళ్లో ఖాళీ చేతులు. నేను వంగి పలక అంచు తడిమాను. చుట్టూ తులసి కుండీలు దగ్గర దగ్గరగా పేర్చి ఉన్నాయి. ఒక కుండీ జరిపాను. పలక సందుల్లో తెల్ల సిమెంట్. గోరుతో గీశాను. పొడి రాలింది.

తులసి వాసన కింద నుంచి బ్లీచింగ్ వాసన వచ్చింది. దాని కింద ఇంకో వాసన. నోట్లో ఉన్న గోధుమలు మింగలేకపోయాను. చేతిరుమాల్లోకి ఉమ్మేశాను.

"అమ్మా," అన్నాను, "మీ ఆయన ఎముకలు ఎప్పుడు తీశారు?"

"మూడేళ్లకి. అందరికీ తీసినట్టే. పెట్టెలో పెట్టి చర్చి వెనక గదిలో దాచాం." ఆవిడ నన్ను చూడలేదు.

"అంటే ఈ గుంట ఖాళీ."



జేబులోంచి ఆ కాగితం తీసి ఆవిడ ఒళ్లో పెట్టాను. "ఇది మీ చేతిరాత."

ఆవిడ కాగితాన్ని చేత్తో సాపు చేసింది, నలిగిన గుడ్డని సాపు చేసినట్టు. "ఫాదర్ చదివాడా? సరిగ్గా చదివాడా?"

"కొంచెం తడబడ్డాడు. చదివాడు."

"చాలు." కళ్లు మూసుకుంది. "నా కొడుకుని నీకు అప్పజెప్పలేను బిడ్డా. కడుపున పుట్టినవాడు. కానీ ఆ పిల్లకి మంత్రం లేదు, గోధుమలు లేవు, ఏడ్చే మనిషి లేదు. పేరైనా చదివించకపోతే ఎట్లా?"

"ఆదివారం ఏం జరిగింది?"

"నీకు చెప్పను."

"అయితే నాకు చెప్పొద్దు. ఆ పిల్లకి చెప్పండి. వింటుందిగా."

ఇది నీచమైన పని. ముసలిదాని దేవుణ్ని పట్టుకుని ముసలిదాన్నే కొట్టడం. తెలిసే చేశాను.

ఆవిడ ముందుకి వంగి రెండో దీపంలో వత్తి పైకి లాగి, దీపంతోనే మాట్లాడినట్టు మాట్లాడింది.

"ఐదున్నరకి నిన్ను లేపడానికొచ్చాను కదే, దుప్పట్లు ఉతకాలని. తలుపు తీస్తే పొగ. నీ ముఖం ఎర్రగా, చెర్రీ పండులా. గురక పెడుతున్నావు. లేవలేదు. ప్రొకోపిస్‌ని పిలిచాను. చాకలి గదిలోకి లాక్కొచ్చి బట్టల మూటల మీద పడుకోబెట్టాడు. డాక్టర్ని పిలవరా అన్నాను. వాడు కుంబారోకి ఫోన్ చేశాడు."

"అప్పటికి ఊపిరి ఉందా?"

"ఉంది."

"హోటల్ నుంచి ఆసుపత్రి పది నిమిషాలు."

"డాక్టర్ వస్తే గది చూస్తాడు, గది చూస్తే హోటల్ మూసేస్తారు, సీజన్ పోతుంది అన్నారు. లేస్తుందిలే అన్నారు. పైన అతిథులు స్నానాలకి లేస్తున్నారు, గీజర్ ఆపొద్దన్నారు. నేను పక్కన కూర్చున్నాను, కళ్లు తెరవకుండానే నా చెయ్యి పట్టుకుంది. మధ్యలో పైకి పోయి గుడ్లు ఉడకబెట్టి వచ్చాను." ఆవిడ ఒళ్లో కాగితాన్ని మళ్లీ సాపు చేసింది. "గుడ్లు ఉడకబెట్టాను బిడ్డా. నలభై గుడ్లు."

"ఎప్పుడు పోయింది?"

"చర్చిలో మూడో గంట కొట్టారు."

ఆదివారం మూడో గంట ఎనిమిదింపావుకి కొడతారు. లిథారిలో గడియారాలు తప్పుతాయి గానీ గంట తప్పదు.

ఎనిమిదింపావు. టికెట్ కొన్నది 6:04. స్కాన్ అయింది 6:48. నాలుగు రోజులుగా నేననుకున్నది వేరు: మనిషి చచ్చాక భయపడి దాచేశారని. అది పిరికితనం. ఇది వేరు. ఆమె ఊపిరి పీలుస్తుండగానే ఆమెని కాగితం మీద ఓడెక్కించేశారు. ఆ తర్వాత ఆమె చచ్చేదాకా గంటన్నర ఎదురుచూశారు. ఒకవేళ లేచి ఉంటే? లేవకూడదని అప్పటికే నిర్ణయమైపోయింది, టికెట్ స్కాన్ అయిపోయింది కాబట్టి.

వెనక అడుగుల చప్పుడు. తిరిగి చూశాను. 12:25. మవ్రోయిదిస్, ప్రొకోపిస్ సమాధుల మధ్య నుంచి వస్తున్నారు. ఒకడు నల్ల కళ్లద్దాలతో, ఒకడు ఆ ఉతకని నవ్వు మళ్లీ తగిలించుకుని.

"ఇంకా ఇక్కడే ఉన్నావా?" అన్నాడు మవ్రోయిదిస్. "ఓడ వచ్చేస్తోంది. నా వ్యాన్‌లో దింపుతా, పద."

ప్రొకోపిస్ కళ్లు నన్ను కాదు, రెండో దీపాన్ని చూశాయి. నవ్వు అలాగే ఉంచి వంగాడు. "అమ్మకి వయసైపోయింది మేడమ్. ఏం చేస్తుందో తెలీదు. నాన్నకి ఒకటి చాలు కదమ్మా," అని ఊదేశాడు. వత్తి పొగ సన్నగా లేచింది.

చుట్టుపక్కల సమాధుల దగ్గర ఆడవాళ్లు తలలు తిప్పారు. ఆత్మల శనివారం నాడు దీపం ఆర్పినవాణ్ని ఈ దీవిలో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. ఫాదర్ స్ట్రాతిస్ మంత్రం మధ్యలో ఆగిపోయాడు.

కిరా ఫ్రోసో అగ్గిపెట్టె తీసింది. మొదటి పుల్ల విరిగింది. రెండోది వెలిగింది. దీపం మళ్లీ వెలిగించి, మోకాలి మీద చెయ్యి ఆనించి మెల్లగా లేచి నిలబడింది.

"అమ్మా, కూర్చో," అన్నాడు ప్రొకోపిస్. ఇప్పుడు నవ్వు లేదు.

నేను నోట్‌బుక్ తెరిచి, మవ్రోయిదిస్ రాసిన పేజీ ఆవిడ ముందు పట్టుకున్నాను. "అమ్మా, ఈయన తన సంతకంతో రాసిచ్చాడు. 6:48కి నీనో తన కాళ్ల మీద నడిచి ఓడెక్కిందట. స్వయంగా చూశాడట. మీరేమంటారు?"

మవ్రోయిదిస్ చెయ్యి నోట్‌బుక్ మీదికి వచ్చింది. యాభైమంది ఆడవాళ్లు చూస్తున్నారు. చెయ్యి గాలిలోనే ఆగింది.

కింద రేవులో ఓడ కూత వేసింది.

ముసలావిడ కొడుకుని చూసింది. కుంబారోని చూసింది. ఫాదర్‌కీ, పై వరస నుంచి కింది గేటు దాకా ఉన్న అందరికీ వినపడేలా చెప్పింది.

"ఆ సమయానికి ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని ఉంది."